మెడ దెబ్బ, వైద్యం – మూడో పాఠం: నొప్పిని చెప్పడం నేర్చుకుందాం

పాఠంలోకి వెళ్లేముందు కిందటి పాఠంలోని ప్రమాద సూచనలను ఒకసారి చూసుకోండి. చేతుల్లోగానీ కాళ్లలోగానీ బలం తగ్గడం, నడక తడబడటం, మలమూత్రాల మీద అదుపు పోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, ఒకటి రెండుగా కనిపించడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ పాఠం పక్కన పెట్టండి. మెడ కదపకుండా అంబులెన్సు పిలిపించుకోండి.

అలాంటివేవీ లేవని తేలినవాళ్ల కోసమే ఈ పాఠం. వెనకనుంచి మరో బండి గుద్దినప్పుడు తల ఒక్కసారిగా వెనక్కీ ముందుకీ ఊగుతుంది. మెడ కండరాలు, ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లు సాగి దెబ్బతింటాయి. దీన్నే విప్‌లాష్ అంటారు. నొప్పి అక్కడికక్కడే తెలియకపోవచ్చు. చాలామందికి మర్నాడు నిద్ర లేచేసరికి మెడ పట్టేసి ఉంటుంది. ఆ తర్వాత ఏం చేస్తారన్న దగ్గర ఆడవాళ్లకూ మగవాళ్లకూ తేడా కనిపిస్తుంది.

మగవాళ్లలో చాలామంది ఆగుతారు. "అదే తగ్గుతుందిలే" అని పనిలోకి దిగిపోతారు. చివరికి ఇంట్లోవాళ్ల పోరు పడలేక వెళ్లినా డాక్టరు ముందు "కాస్త పట్టేసిందండీ, అంతే" అని ఊరుకుంటారు. దీనివల్ల నష్టం చిన్నది కాదు. మొదటి రోజుల్లో నొప్పి ఎంత తీవ్రంగా ఉందన్నదాన్ని బట్టే అది త్వరగా తగ్గుతుందా, నెలల తరబడి సాగుతుందా అన్నది వైద్యులు చాలావరకు అంచనా వేస్తారు. తక్కువ చేసి చెబితే ఆ అంచనా మొదట్లోనే తప్పుతుంది.

ఆడవాళ్లు సాధారణంగా ఇంకాస్త ముందే వెళతారు, వివరంగానూ చెబుతారు. వాళ్లకు ఎదురయ్యే ఇబ్బంది వేరు. ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోతే "టెన్షన్ వల్ల అయ్యుంటుంది, విశ్రాంతి తీసుకోండి" అని పంపేయడం జరుగుతూ ఉంటుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఎందుకంటే వెనకనుంచి గుద్దిన ప్రమాదాల్లో మెడకు ఇలాంటి దెబ్బ తగిలే అవకాశం మగవాళ్లకన్నా ఆడవాళ్లకే ఎక్కువ. వాళ్ల మెడ సన్నం, కండ తక్కువ, వెన్నుపూసలు చిన్నవి. పైగా కార్ల సీట్లను, తల ఆనించుకునే దిండ్లను దశాబ్దాలపాటు సగటు మగవాడి కొలతలతో చేసిన బొమ్మలను కూర్చోబెట్టే పరీక్షించారు. సగటు స్త్రీ కొలతలతో, వెనకనుంచి గుద్దే ప్రమాదాల పరీక్ష కోసమే తయారైన బొమ్మను స్వీడన్ పరిశోధకురాలు ఆస్ట్రిడ్ లిండర్ బృందం 2022లో ప్రపంచం ముందుంచింది. చాలాకాలం ఆ లెక్కలో ఆడవాళ్ల మెడకు సరైన చోటు దొరకలేదు. కాబట్టి ఆడవాళ్ల నొప్పిని ఓర్వలేనితనం అనుకోవడం అన్యాయం.

ఇంకో మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఎక్స్‌రే బాగుందంటే ఎముక విరిగినట్టుగానీ, పూస పక్కకు జరిగినట్టుగానీ అందులో కనబడలేదని మాత్రమే. 1995లో కెనడాలోని క్యూబెక్ నిపుణుల బృందం ఈ గాయాలను 0 నుంచి 4 వరకు స్థాయిలుగా విడదీసింది. ఎముక విరగడం, పూస జరగడం ఉన్నది నాలుగో స్థాయిలోనే. మెడ తిరగకపోవడం, ముట్టుకుంటే నొప్పి రెండో స్థాయి. నరం దెబ్బతిన్న గుర్తులుంటే మూడోది. ఒకటి నుంచి మూడు వరకు స్థాయిల్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు, నొప్పి మాత్రం నిజం.

ఇక అసలు సాధన. నొప్పికి పదిలో ఎన్ని మార్కులో చెప్పడం ఒక్కటే చాలదు. ఒకరు చెప్పే మూడు, మరొకరు చెప్పే ఏడు ఒకే బాధ కావచ్చు. ఏ పని చేయలేకపోతున్నారో చెప్పండి. 1991లో హోవర్డ్ వెర్నన్ ప్రచురించిన మెడ ఇబ్బంది సూచికలో పది అంశాలున్నాయి: నొప్పి, స్నానం బట్టలు వంటి సొంత పనులు, బరువులెత్తడం, చదవడం, తలనొప్పి, ఏకాగ్రత, ఉద్యోగం, బండి నడపడం, నిద్ర, సరదాలు. ఒక్కోదానికి 0 నుంచి 5, మొత్తం 50. ఎక్కువ భాగం రోజువారీ పనులే, గమనించారా? "ఫర్వాలేదు" అనే మనిషి కూడా "రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది?" అంటే లెక్క చెప్పాల్సిందే. పని రూపంలో చెప్పిన మాటను టెన్షన్ ఖాతాలో వేయడమూ అంత తేలిక కాదు.

తేడా చూడండి. "మెడ నొప్పిగా ఉంది" అనే బదులు: "మంగళవారం నుంచి కుడివైపు తల తిప్పలేకపోతున్నాను, బండి వెనక్కి తీయాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వస్తోంది. పది నిమిషాలు చదివితే తల వెనక పోటు మొదలవుతోంది." నొప్పి తీరు కూడా చెప్పండి. గుంజుతోందా, సలుపుతోందా, మంటగా ఉందా? మెడ నుంచి చేతి వేళ్ల దాకా జివ్వుమని పాకినా, వేళ్లు తిమ్మిరెక్కినా ఏ వేళ్లో చెప్పాలి. ఏ నరం దగ్గర ఒత్తిడి ఉందో డాక్టరు దాన్ని బట్టి వెతుకుతారు. మెడ ఎంత తిరుగుతుందో చూద్దామని ఇంట్లో బలవంతంగా తిప్పకండి, అది డాక్టరు చూస్తారు.

ఈ వారం అభ్యాసం: రోజూ పొద్దున, రాత్రి రెండేసి వాక్యాలు రాయండి. చేయలేకపోయిన పని ఒకటి, నిన్నటికీ ఇవాళ్టికీ వచ్చిన మార్పు ఒకటి. మగవాళ్లు "కాస్త", "కొంచెం" అన్న మాటలు కొట్టేసి ఆ చోట నిమిషాలో, మెట్లో, కిలోలో రాయాలి. ఆడవాళ్లు తమకు అన్నిటికన్నా అడ్డుగా ఉన్న పనిని మొదటి వరసలో పెట్టాలి, డాక్టరు తొందరలో ఉన్నా అది వినబడుతుంది. ఆ కాగితాన్ని డాక్టరుకు మీరే చదివి వినిపించండి. తోడు వచ్చినవాళ్లు మీరు చదవడం అయ్యాకే, మీరు మరిచిపోయినవి మాత్రమే చెప్పాలని ముందే అనుకోండి. మెడకు కట్టే కాలరు ఎన్నాళ్లు వాడాలి, మెడ ఎప్పటినుంచి కదపాలి అన్నవి వచ్చే పాఠంలో.