ఒక అమ్మాయి నచ్చింది, చెప్పాలె, కానీ ఆమెకు భయమెయ్యొద్దు – ఎట్ల?

"మంచిగ కనిపించేటోడు మాట్లాడితే నవ్వుతరు, మాలాంటోళ్ళు మాట్లాడితే క్రీపీ అంటరు అక్కా" – మా తమ్ముని దోస్తులు మస్తుసార్లు అన్న మాట ఇది. అందుల జర నిజం ఉంది, కాదన. నచ్చినోడు పలకరిస్తే ఎవరికైనా సంతోషమే. కానీ నచ్చనోడు పలకరిస్తే వచ్చేది ఇబ్బంది, "అయ్యో వీనికి ఇప్పుడెట్ల చెప్పాలె" అని, అంతే, ఇంటికి పోయేసరికి మర్చిపోతం. క్రీపీ అనేది అది కాదు. అక్కడ్నుంచి పోదామంటే తోవ లేదు, వద్దంటే వీడు ఏం చేస్తడో తెల్వదు, అప్పుడు కడుపుల ఒక తీరుగ అయితది చూడు, గది. సినిమా హీరో లెక్క ఉన్నోడు హాస్టల్ దాక బండి మీద వెంబడి వచ్చినా అట్లనే అయితది, మొఖానికి దీనికి సంబంధం లేదు.

అందుకే నువ్వు ఏ డ్రెస్ వేసుకోవాలె, ఏ డైలాగ్ కొట్టాలె అని నేను చెప్ప. ఒక్కటే చూసుకో: ఇప్పుడు ఈ పిల్ల నన్ను వద్దు అంటే ఆమెకు ఏమన్న నష్టం ఉందా? ఉంటే అది అడిగే టైమూ కాదు, అడిగే జాగా కాదు. కింద రాసిందంతా దీని చుట్టే తిరుగుతది.

ముందుగాల ఆమె దిక్కు నుంచి చూడు

నువ్వు ప్రపోజ్ చేసి ఆమె కాదంటే నీకు రెండు రోజులు మనసు బాగుండదు, దోస్తులు టీ తాపిస్తరు, ఖతం. ఆమెకు అట్ల కాదు. ఎవడో వెంబడి పడుతున్నడని ఇంట్ల తెలిస్తే మొదటి ప్రశ్న ఆమెకే పడతది, "నువ్వు ఏం చేస్తే వాడు నీ ఎంట పడ్డడు" అని. తర్వాత ఫోన్ తీసుకుంటరు, తర్వాత "డిగ్రీ చాలు తియ్" అంటరు, ఆ ఎండకాలం సంబంధాలు చూసుడు షురూ చేస్తరు. పరకాల, నర్సంపేట, ములుగు దిక్కు ఊర్లకెల్లి హన్మకొండకు వచ్చి హాస్టల్ల ఉండి చదువుకునే పిల్లలు ఎంత కొట్లాడి వస్తరో నీకు తెల్వది. నీ ఒక్క "హాయ్" తోటి ఆ చదువు పోయే అవకాశం ఉందని ఆమె లెక్కేసుకుంటది, నువ్వు మాత్రం "హాయ్ ఏ కదా అన్న" అంటవ్.

ఇంకోటి, ఈ ఊర్ల ఎవ్వరు మర్చిపోనిది. 2008 డిసెంబర్ల వరంగల్ల ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోసిండ్రు, కాదన్నందుకు. అప్పుడు నువ్వు పుట్టినవో లేదో, కానీ ఇక్కడ ఆడపిల్లలున్న ప్రతి ఇంట్ల తల్లులకు అది ఇంక యాదికున్నది. నువ్వు అసొంటోనివి కాదు, సరే, ఒప్పుకుంటున్న, కానీ ఆ సంగతి ఆమెకు ఎట్ల తెలుస్తది? నీ మొఖం మీద రాసి ఉండదు గదా. కాబట్టి ఆమె పైలంగ ఉంటే "ఓవర్ చేస్తుంది" అనకు.

ఎక్కడ అడుగుతున్నవ్

2023 డిసెంబర్ల ఫ్రీ బస్సు వచ్చినప్పటి సంది మన బస్సులల్ల కాలు పెట్ట సందు లేదు. అసొంటి బస్సుల ఒక పిల్ల ఒక చేతుల బ్యాగు ఒక చేతుల రాడు పట్టుకొని నిలబడితే నువ్వు పక్కకొచ్చి "మీరు ఏ కాలేజ్" అని షురూ చేస్తే ఆమె యాడికి పోవాలె? దిగి పోదామన్నా ఆమె దిగే స్టాప్ నీకు తెలుస్తది, అదింకో భయం. షేర్ ఆటో, లిఫ్టు, ట్యూషన్ మెట్లు, రాత్రి హాస్టల్ సందు, కాజీపేటల పొద్దుగాల ట్రైన్ ఎక్కి సికింద్రాబాద్ పోయొచ్చే అప్ అండ్ డౌన్ డబ్బా – ఇవన్ని అదే లెక్క. రోజు ఒక్కటే ట్రైన్ల కనిపించేటోళ్ళతోటి పరిచయం కావొద్దా అంటే అయితది, అందరితోటి అయినట్టే అయితది, సీటు గురించో లేటు గురించో మాట కలుస్తది. ఆమె తర్వాత రోజు తనంతల తను పలకరిస్తే మాట్లాడు. ఇయర్ ఫోన్స్ పెట్టుకుంటే, వేరే డబ్బా ఎక్కితే, అర్థమైంది కదా.

డ్యూటీల ఉన్న ఆమె కాడ అసలే వద్దు. చీరల షాపుల సేల్స్ పిల్ల, దవాఖానల నర్సు, బ్యాంకుల కౌంటర్ మీద కూసున్న ఆమె, వాళ్ళు నవ్వుడు వాళ్ళ పని. నీతోటి మంచిగ మాట్లాడకపోతే ఓనర్ తిడతడు, లేదా నువ్వే కంప్లైంట్ చేస్తవ్. ఆమె ఆ కౌంటర్ ఇడిచిపెట్టి పోలేదు. నలుగురికి నవ్వినట్టే నీకు నవ్వింది, అందుల నీకు స్పెషల్ ఏం లేదు. ఆఫీసుల నీ కింద పనిచేసే ఆమెనైతే అడగకు, జీతం నీ చేతుల ఉన్నప్పుడు "వద్దు సార్" అని ఎట్లంటది.

ఇగ బతుకమ్మ. సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కాడ ఊరు ఊరంత ఉంటది, ఆడోళ్ళు సంవత్సరానికి ఒక్కసారి మనసు నిండ ఆడుకునే దినం. నచ్చిన పిల్లను ఫోన్ల జూమ్ చేసి వీడియో తీసి, పాట పెట్టి స్టేటస్ పెడతరు కొందరు. ఆమెకు అది ఎవరో పంపితే తెలుస్తది. వచ్చే ఏడు ఆమె ఆడకపోతే కారణం నువ్వే. ఫోటో తియ్యాలనుంటే బతుకమ్మను తియ్, పువ్వులు మస్తుగుంటయ్.

నంబర్ ఎక్కడిది?

మొదటి మెసేజ్ చూడంగనే ఏ అమ్మాయికైనా వచ్చే ప్రశ్న ఇదే. రీఛార్జ్ షాపులనో, జిరాక్స్ సెంటర్లనో, క్లాస్ వాట్సాప్ గ్రూపులకెల్లో, బైక్ ట్యాక్సీ రైడ్ అయిపోయినంక సేవ్ చేసుకునో, పెండ్లిళ్ల బ్రోకర్ పంపిన బయోడేటాల చూసో – ఆమె ఇయ్యని నంబర్ నీ కాడ ఉన్నదంటేనే సగం పని ఖరాబైంది. "ఎట్ల దొరికింది?" అని అడిగితే "మనసుంటే మార్గముంటది" అని కన్ను కొట్టే ఎమోజీ పెడతరు కొందరు, గది చూస్తే ఒళ్ళు జలదరిస్తది, నిజంగ.

ఇన్‌స్టాల కూడా అంతే. రిక్వెస్ట్ ఒక్కసారి పెట్టు, తీసుకోకపోతే ఊకో. రాత్రి ఒంటిగంటకు కూసొని ఆమె ఇంటర్ నాటి ఫోటోల దాక పోయి అన్నిటికి లైక్ కొట్టుడు, ఆమె చెల్లెకు, ఆమె దోస్తుకు రిక్వెస్ట్ పెట్టుడు, "ఆన్‌లైన్ల ఉన్నవ్ కదా రిప్లై ఇయ్యనీకి ఏమైంది" అనుడు, "తిన్నవా" "పన్నవా" "హలో" "?" అని వరుసగ పదకొండు మెసేజ్లు. రిప్లై రాకుంటే అది కూడా ఒక రిప్లైయే తమ్మీ.

ఎక్కువ తెలుసుకొని ఉండుడు గూడ భయమే. "మొన్న ఆదివారం భద్రకాళి గుడి కాడ పచ్చ డ్రెస్ల మంచిగున్నవ్" అని పంపుతవ్, నీకు అది పొగడ్త. ఆమెకు వినిపించేది వేరు, వీడు నన్ను చూసిండు, నాకు కనిపియ్యలే, ఇంకెక్కడెక్కడ చూస్తున్నడో అని. ఆమె నీకు చెప్పని సంగతులు నీకు తెలిసినా తెల్వనట్టే ఉండు.

దోస్తులను ఇంట్లనే పెట్టి రా

క్లాసుల ఎవనికో ఒక పిల్ల నచ్చుతది, వాడు ఆమెతోటి ఒక్క మాట మాట్లాడి ఉండడు, కానీ ఆమె క్యాంటీన్ల అడుగు పెట్టంగనే బ్యాచ్ బ్యాచంత "వదినా వదినా" అని షురూ. ఇది మీకు కామెడీ. ఆమెను అడగకుండనే పది మంది కలిసి ఫిక్స్ చేసేసినట్టు, ఇగ వేరే ఎవ్వరు ఆమెతోటి నోట్స్ గూడ అడగరు, లెక్చరర్లకు తెలుస్తది, ఊరోళ్ళకు తెలుస్తది. నా లెక్కల ఈ "వదిన" ముచ్చట అన్నిటికంటే దరిద్రమైంది, ఎందుకంటే చేసినోళ్ళకు తప్పు చేసినట్టే అనిపియ్యదు. నీ దోస్తులు అంటుంటే నువ్వు సిగ్గుపడి నవ్వుకుంట ఊకోకు, ఆపుమని చెప్పాల్సింది నువ్వే.

స్టేజీ మీద, ఫెస్టుల, కేకు కోసేకాడ అందరి ముందట మోకాళ్ళ మీద కూసునుడు కూడా ఇదే జాతి. ఐదు వందల మంది "ఎస్ చెప్పు ఎస్ చెప్పు" అని అరుస్తుంటే ఆ పిల్ల నవ్వితే అది ఎస్ కాదు. అవతలికి పోయి ఏడుస్తది.

సరే అక్కా, మరి ఎట్ల చెప్పాలె

ముందు ఆమెకు నువ్వెవరో తెలిసి ఉండాలె. తెలుసుడంటే మొఖం గుర్తుపట్టుడు కాదు, ఇద్దరు మామూలుగ మాట్లాడుకొని ఉండాలె, ఆమె గూడ తనంతల తను నిన్ను ఏదన్న అడిగి ఉండాలె, నువ్వు అడిగిన దానికి "ఊ", "ఆ" కాకుండ పూర్తి మాట చెప్పి మళ్ళ నిన్ను అడిగి ఉండాలె. ఇదేం లేకుండ ఏకంగ "ఐ లవ్ యూ" అంటే నువ్వు ప్రేమించింది ఆమెను కాదు, నీ నెత్తిల ఉన్న బొమ్మను. (మా దిక్కు అందరినీ అన్నా అనే పిలుస్తం, కండక్టర్ని గూడ. అందుకని ఆమె అన్నా అన్నదని గుండె పగలగొట్టుకోకు. కానీ నిన్న మొన్నటిదాక పేరు పెట్టి పిలిచి ఇప్పుడు అన్నా అంటుందంటే మాత్రం జర సోంచాయించు.)

తర్వాత పగటి పూట, నలుగురు తిరిగే కాడ, కానీ ఎవరికి వినపడకుండ, ఆమె లేచి పోదామంటే పోయే జాగల. క్యాంటీన్ బయట, పబ్లిక్ గార్డెన్ల దోస్తులందరు కూసున్నప్పుడు ఒక పక్కకు, అట్ల. తోవకు అడ్డం నిలబడకు, బండికి అడ్డం నిలబడకు, చెయ్యి పట్టుకోకు. పరీక్ష ముందట వద్దు, వాళ్ళింట్ల ఏదన్న కష్టం నడుస్తుంటే వద్దు, నువ్వు ఆమెకు ఏదన్న సాయం చేసిన మరునాడైతే అసలే వద్దు, అప్పు వసూలు చేసినట్టుంటది.

మాట చిన్నగుండాలె. "నీతోటి మాట్లాడుడు నాకు మంచిగ అనిపిస్తది, ఒకసారి ఇద్దరం చాయ్ తాగుదామా? వద్దనుకుంటే ఏం కాదు, మనం ఎప్పటిలెక్కనే ఉందాం." గంతే. ఇప్పుడే చెప్పు అని నిలబడకు, "సరే మరి, నేను పోత" అని నువ్వే ముందు కదులు. ఆమె ఇచ్చిన నంబర్ ఉంటే, రోజు మాట్లాడుకునేటోళ్ళైతే మెసేజ్ల అడిగినా తప్పు లేదు, నిజానికి సిగ్గున్న పిల్లలకు అదే మేలు, ఆలోచించుకొని చెప్తరు. కానీ పేజీలు పేజీలు కవిత్వం, బ్లేడుతోటి చెయ్యి మీద పేరు, "నువ్వు లేకపోతే చచ్చిపోత" – ఇది ప్రేమ లెక్క కనిపిస్తదేమో గాని ఆమె మెడకు ఉరి. నిజంగనే అట్ల అనిపిస్తుంటే ఆమెకు కాదు, ఇంట్ల చెప్పు, లేకపోతే మనసు బాగలేనోళ్ళ కోసం ఉన్న సర్కారు హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 కు ఫోన్ చెయ్, తెలుగుల మాట్లాడతరు.

వయసు ముచ్చట గూడ. నువ్వు డిగ్రీ, ఉద్యోగం, ఆమె ఇంటర్ అయితే ఆడికే ఆపు. 18 నిండని పిల్ల విషయంల పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) ఉంటది, ఆమె కూడా ఇష్టపడ్డది అంటే కోర్టుల నడవది.

వద్దు అన్నంక

మన దిక్కు ఆడపిల్లలు మొఖం మీద వద్దనరు, భయానికో మర్యాదకో. "ఇంట్ల ఒప్పుకోరు", "ఇప్పుడు చదువు మీదనే", "చూద్దాం", "మనం ఫ్రెండ్స్ కదా", కొందరైతే రాఖీ నాడు దొరకబట్టి రాఖీ కడతరు. ఇవన్ని వద్దులే. "ఇంట్ల ఒప్పుకోరు" అంటే ఇంట్లోళ్ళను ఒప్పియ్యనీకి వాళ్ళ నాయన కాడికి పోయినోళ్ళు గూడ ఉన్నరు, అట్ల చెయ్యకు నాయనా. మొదట కాదంటది, వెంబడి పడితే ఒప్పుకుంటది అని మనకు చిన్నప్పటి సంది పెద్ద తెర మీద చూపిస్తనే ఉన్నరు, కానీ బయట వెంబడి పడ్డంక ఊ అన్నోళ్ళల్ల ఎంతమంది విసిగి ఊ అన్నరో, ఎంతమంది భయపడి అన్నరో ఎవ్వరు చెప్పరు.

"సరే, చెప్పినందుకు థాంక్స్" అను, ఎందుకు అని అడగకు. తర్వాత దోస్తుల కాడ ఆమె గురించి చెడ్డగ మాట్లాడకు, "ఆమెకు వేరేటోడు ఉన్నడు" అని పుకారు పుట్టియ్యకు. కొన్ని రోజులు ఎదురుపడుడు కష్టమైతే నువ్వే జర దూరం జరుగు, నీ కోసం ఆమె బస్సు టైము మార్చుకునే పరిస్థితి తేకు. బ్లాక్ చేస్తే వేరే నంబర్ నుంచి, దోస్తుగాని ఐడీ నుంచి రాకు.

ఇక్కడ్నుంచి ముందుకు పోతే అది కేసు. ఇష్టం లేదని తెలిపినంక కూడా వెంబడి తిరుగుడు, మళ్ళ మళ్ళ కాంటాక్ట్ చేయ చూసుడు, నెట్‌ల ఆమె ఏం చేస్తుందో కనిపెట్టుడు, దీన్ని చట్టంల స్టాకింగ్ అంటరు. 2013ల ఐపీసీల (పాత శిక్షల చట్టం) 354డి అని పెట్టిండ్రు, 2024 జూలై 1 సంది దాని జాగల వచ్చిన భారతీయ న్యాయ సంహితల 78వ సెక్షన్. మొదటిసారి మూడేండ్ల దాక జైలు, మళ్ళ చేసి శిక్ష పడితే ఐదేండ్ల దాక. ఆడోళ్ళను సతాయించేటోళ్ళను పట్టుకునే పోలీసుల షీ టీమ్స్ 2014ల హైదరాబాద్ల మొదలై రాష్ట్రమంతటికి వచ్చినయ్, మఫ్టీల తిరుగుతరు, దొరికినోళ్ళను అమ్మానాయనను పిలిచి వాళ్ళ ముందట కూసోబెడతరు. ఇది చదివే చెల్లెండ్లకు: మెసేజ్లు డిలీట్ చెయ్యకుండ్రి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండ్రి, ఒక్కసారి సాఫ్‌గ "వద్దు, మళ్ళ మెసేజ్ చెయ్యకు" అని రాసి పెట్టుండ్రి, ఆపకపోతే 181 (ఆడోళ్ళ హెల్ప్‌లైన్) కు గానీ 112 (ఎమర్జెన్సీ) కు గానీ ఫోన్ చెయ్యుండ్రి.

మా తమ్ముని దోస్తు ఇంకోటి అడిగిండు, ఆర్నెల్లు ఆగి మళ్ళొకసారి అడగొచ్చా అని. వద్దు. ఆమె మనసు మారితే ఆమె కాడ నీ నంబర్ ఉన్నది, ఆమెనే చేస్తది.