పేజీలో పరాయి స్క్రిప్టు నడుస్తోందా? క్రాస్-సైట్ స్క్రిప్టింగ్: లక్షణం, కారణం, పరిష్కారం

వాడుకరి నింపిన పాఠ్యాన్ని మన పేజీ పాఠ్యంగా కాక కోడ్‌గా బ్రౌజర్‌కు అందించడమే క్రాస్-సైట్ స్క్రిప్టింగ్, అంటే ఎక్స్‌ఎస్‌ఎస్. ఆ స్క్రిప్టు ఎవరు రాశారో బ్రౌజర్‌కు తెలియదు. మన డొమైన్ నుంచి వచ్చింది కాబట్టి, మన సొంత స్క్రిప్టుకు ఉండే హక్కులన్నీ దానికీ ఇస్తుంది. కింద చెప్పే పరీక్షలను మీ సొంత సాఫ్ట్‌వేర్‌పై, లేదా రాతపూర్వక అనుమతి ఉన్న చోట మాత్రమే చేయాలి.

లక్షణం: వాడుకరి రాసినదానిలో కొంత భాగం తెరపై కనిపించడం లేదు, లేదా పేజీ అమరిక చెదిరిపోతోంది

చాలామంది దీన్ని డిజైన్ లోపంగా భావించి స్టైల్‌షీట్‌లో వెతుకుతారు. నా అనుభవంలో ఎక్స్‌ఎస్‌ఎస్ మొదట బయటపడేది ఇలాగే. పేరు గడిలో బోల్డ్ ట్యాగ్ మధ్య ఒక పేరు రాసి సేవ్ చేయండి. తెరపై ఆ పేరు బొద్దు అక్షరాల్లో కనిపిస్తే రంధ్రం ఉన్నట్టే. ట్యాగ్ గుర్తులతో సహా రాసింది రాసినట్టే కనిపిస్తే ఆ ఒక్క చోటు వరకు సరిగా ఉన్నట్టు. అయితే 5<7 వంటి పాఠ్యంతో పరీక్షించి ధైర్యం తెచ్చుకోవద్దు. < గుర్తు వెంటనే ఆంగ్ల అక్షరం వస్తేనే బ్రౌజర్ దాన్ని ట్యాగ్ ప్రారంభంగా తీసుకుంటుంది. అంకె వచ్చినా, తెలుగు అక్షరం వచ్చినా మామూలు పాఠ్యంగానే చూపిస్తుంది కాబట్టి ఆ పరీక్ష ఏమీ రుజువు చేయదు.

కారణం ఎస్కేపింగ్, అంటే ప్రత్యేక గుర్తులను బ్రౌజర్ పాఠ్యంగానే చూపే రూపంలోకి మార్చడం, జరగకపోవడం. పేజీలోకి రాసే క్షణంలో < గుర్తును &#60; గా, > ను &#62; గా, & ను &#38; గా, రెండు రకాల కొటేషన్ గుర్తులను &#34;, &#39; గా మార్చాలి. ఈ పని చేతితో చేయనక్కర్లేదు. వెబ్ పేజీలు తయారుచేసే జాంగో టెంప్లేట్లు, రియాక్ట్ వంటి సాధనాలు డిఫాల్ట్‌గానే చేస్తాయి. కాబట్టి మీరు వెతకవలసింది ఆ రక్షణను ఎవరైనా ఎక్కడ ఆపేశారా అని: జాంగోలో సేఫ్ ఫిల్టర్, రియాక్ట్‌లో డేంజరస్‌లీ‌సెట్‌ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్. కోడ్ మొత్తంలో వాటిని వెతికి, ప్రతి చోటికీ అక్కడ ఎందుకు ఉందో సమాధానం రాబట్టండి.

లక్షణం: పేర్లలో &#39; వంటి గుర్తులు అక్షరాలుగా కనిపిస్తున్నాయి

ఇది భద్రతా లోపం కాదు, తప్పు చోట చేసిన మరమ్మతు. డేటాబేస్‌లోకి పంపేటప్పుడు ఒకసారి, చూపించేటప్పుడు మరోసారి ఎస్కేప్ చేశారు. డేటాను వాడుకరి ఇచ్చినట్టే నిల్వ చేయాలి. అదే పేరు రేపు పేజీలోకి, లింకులోకి, స్క్రిప్టులోకి వెళ్లవచ్చు. ఒక్కో చోట మార్చవలసిన తీరు వేరు. ఎక్కడికి వెళ్తుందో తెలిసేది చూపించే క్షణంలోనే గనుక, ఎస్కేపింగ్ చోటు కూడా అదే.

లక్షణం: ఎస్కేపింగ్ ఉంది, అయినా స్క్రిప్టు నడుస్తోంది

ఇక్కడ ఆ విలువ పేజీలో ఏ స్థానంలో పడుతోందో చూడాలి. వాడుకరి ఇచ్చిన చిరునామా లింకుగా మారుతుంటే, అది జావాస్క్రిప్ట్ అనే పదం, కోలన్ గుర్తుతో మొదలు కావచ్చు. అందులో ఎస్కేప్ చేయవలసిన గుర్తు ఒక్కటీ ఉండనవసరం లేదు. యూఆర్‌ఎల్ పార్సర్‌తో చదివి, హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ స్కీములను మాత్రమే అనుమతించండి. యాట్రిబ్యూట్ (ట్యాగ్ లోపల రాసే అదనపు వివరం) విలువ చుట్టూ కొటేషన్ గుర్తులు లేకపోతే ఒక్క ఖాళీతోనే కొత్త యాట్రిబ్యూట్ మొదలవుతుంది. కాబట్టి వాటిని తప్పక పెట్టాలి. విలువను స్క్రిప్టు ట్యాగ్ లోపల జేసన్ (డేటాను రాసే ఒక పద్ధతి) రూపంలో పెడుతుంటే, స్ట్రింగ్ మధ్యలో వచ్చిన స్క్రిప్టు ముగింపు ట్యాగ్ కూడా ఆ బ్లాకును అక్కడికక్కడే ముగిస్తుంది, ఎందుకంటే హెచ్‌టీఎంఎల్ పార్సర్‌కు జావాస్క్రిప్ట్ కొటేషన్లతో పని లేదు. జేసన్‌లోని < గుర్తును దాని యూనికోడ్ ఎస్కేప్ రూపంలోకి మార్చితే ఇది ఆగుతుంది.

లక్షణం: సర్వర్ లాగ్‌లో అనుమానించదగినది ఏదీ లేదు

చిరునామాలో # గుర్తు తరువాతి భాగాన్ని బ్రౌజర్ సర్వర్‌కు పంపదు. మన జావాస్క్రిప్టే దాన్ని చదివి, ఇచ్చినదాన్ని హెచ్‌టీఎంఎల్‌గా పేజీలో పెట్టే ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌కు అప్పగిస్తే, దాడి మొత్తం బ్రౌజర్‌లోనే జరిగిపోతుంది. ఇక్కడ పొరబడటం సులువు. ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ ద్వారా చొప్పించిన స్క్రిప్టు ట్యాగ్ నడవదు. దాంతో పరీక్షించినవారు సురక్షితమని తేల్చేస్తారు. కానీ లేని చిత్రాన్ని చూపమనే ఇమేజ్ ట్యాగ్, దాని ఆన్ఎర్రర్ యాట్రిబ్యూట్‌లో కోడ్ పెడితే అది నడుస్తుంది. పాఠ్యం మాత్రమే చూపవలసిన చోట టెక్స్ట్‌కంటెంట్ వాడండి.

లక్షణం: అడ్మిన్ చేయని పని అడ్మిన్ పేరుతో జరిగింది

నేను చూసుకున్న ఒక సాఫ్ట్‌వేర్‌లో వాడుకరులకు కనిపించే పేజీలన్నీ సరిగానే ఉండేవి. వాడుకరులు పంపిన ఫిర్యాదులను సిబ్బంది చదివే లోపలి పేజీలో మాత్రం ఎస్కేపింగ్ లేదు. లోపలివాళ్లే కదా చూసేది అన్న భావనే అందుకు కారణం. నిజానికి ఎక్కువ అధికారాలున్న ఖాతాలు తెరిచేది ఆ పేజీనే.

ఇలా జరిగినప్పుడు కోడ్ సరిచేస్తే సరిపోదు. సెషన్లన్నీ రద్దు చేయండి, నిల్వ ఉన్న డేటాలో చొప్పించిన కోడ్‌ను గుర్తించి తొలగించండి, ఆ వ్యవధిలో ఆ ఖాతా చేసిన మార్పులన్నీ పరిశీలించండి. సెషన్ కుకీకి హెచ్‌టీటీపీఓన్లీ పెడితే స్క్రిప్టు దాన్ని చదవలేదు. అయితే ఆ పేజీలో ఉండగా కుకీతో కూడిన అభ్యర్థనలు పంపగలదు కాబట్టి, దొంగతనం తగ్గుతుందే తప్ప రంధ్రం పూడదు.

లక్షణం: వాడుకరులకు హెచ్‌టీఎంఎల్ రాసే వీలు ఇచ్చాం, ఎంత వడకట్టినా ఏదో ఒకటి దూరుతోంది

నిషేధిత పదాల జాబితా ఇక్కడ పనికిరాదు. 2005 అక్టోబరులో సామీ కామ్‌కర్ రాసిన పురుగు (వర్మ్, అంటే తనంతట తానే వ్యాపించే కోడ్) సామాజిక మాధ్యమమైన మైస్పేస్‌లో ఒక్క రోజు లోపే పది లక్షలకు పైగా ప్రొఫైళ్లకు వ్యాపించింది. మైస్పేస్ జావాస్క్రిప్ట్ అనే పదాన్ని తొలగించేది. ఆయన ఆ పదం మధ్యలో కొత్త వరుస పెట్టాడు. వడపోతకు అది వేరే పదంగా కనిపించింది, కొన్ని బ్రౌజర్లు మాత్రం కలిపి చదివి నడిపాయి. అనుమతించే ట్యాగుల చిన్న జాబితా పెట్టుకుని, మిగిలినవన్నీ తీసేసే డామ్‌ప్యూరిఫై వంటి లైబ్రరీని వాడండి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో సొంతంగా రాసుకోవద్దు. ఎస్‌వీజీ చిత్రాల్లోనూ స్క్రిప్టు ఉండగలదు కాబట్టి, అప్‌లోడ్ చేసిన ఫైళ్లను వేరే డొమైన్ నుంచి అందించండి.

కంటెంట్ సెక్యూరిటీ పాలసీ హెడర్, అంటే ఏ స్క్రిప్టులు నడవవచ్చో సర్వర్ బ్రౌజర్‌కు చెప్పే సూచన, వీటన్నిటికీ రెండో గోడ. ప్రతి స్పందనకూ కొత్త నాన్స్ (ఒక్కసారికే వాడే, ఊహించలేని విలువ) ఇచ్చి, అది ఉన్న స్క్రిప్టులనే నడవనివ్వండి. అన్‌సేఫ్-ఇన్‌లైన్ (పేజీలో నేరుగా రాసిన ఏ స్క్రిప్టునైనా నడవనిచ్చే) అనుమతి ఒక్కదానితోనే సరిపెట్టుకుంటే ఆ గోడ పేరుకే మిగులుతుంది.

సరిచేశాక మొదటి పరీక్ష మళ్లీ చేయండి, ఈసారి ఆ విలువ కనిపించే ప్రతి పేజీలో: జాబితా, వివరాలు, అడ్మిన్ తెర, పంపే ఈమెయిల్. పేజీ సోర్స్ తెరిస్తే ట్యాగ్ స్థానంలో &#60; గానీ దానికి సమానమైన రూపం గానీ ఉండాలి. ఆ పరీక్షను ఆటోమేటెడ్ టెస్టుల్లో చేర్చితే, రేపు ఎవరైనా సేఫ్ ఫిల్టర్‌ను తిరిగి పెట్టినప్పుడు బిల్డ్ అక్కడే ఆగుతుంది.