పాత లాప్‌టాప్‌కి రెండు వేలతో వైద్యం
మాది 2015లో కొన్న ఐదో తరం ఐ3 (ఇంటెల్ ప్రాసెసర్) లాప్‌టాప్. ఆన్ చేసి టీ తాగొచ్చినా ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉండేది. "కొత్తది తీసుకోండి సార్" అన్నాడు షాపతను. ఏ భాగం మీద ఎంత భారం పడుతోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ వాడకం 100 శాతం దగ్గరే కూర్చుంది. జబ్బు హార్డ్ డిస్క్‌ది!

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీలో 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ స్థానంలో బిగించే వేగమైన స్టోరేజ్), సెకండ్ హ్యాండ్ 4 జీబీ ర్యామ్ (మెమరీ) కలిపి 2,100 అయ్యాయి. ర్యామ్ మీద డీడీఆర్3ఎల్ అని ఉండాలి, అంటే 1.35 వోల్టులది. ఆ 'ఎల్' లేనిది దీనికి పనికిరాదు.

బిగించాక స్క్రీన్ నల్లగా, బీప్ బీప్. గుండె జారింది. ర్యామ్ తీసి, పసుపురంగు కాంటాక్టులను మా పాప రబ్బరుతో రుద్ది, టక్కుమనేదాకా నొక్కితే బతికింది.

విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11కి ఈ ప్రాసెసర్ అర్హం కాదు. అందుకే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశా. పాత డిస్క్‌ని యూఎస్‌బీ కేసులో పెట్టా, పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి మరి.