పీటీఎస్‌డీ వీడియో పరీక్షకు జీవిత భాగస్వామిని కూర్చోబెట్టుకునే ముందు

అమెరికా మాజీ సైనికులకు వైకల్య పరిహారం కోసం వెటరన్స్ అఫైర్స్ శాఖ (మాజీ సైనికుల శాఖ) జరిపించే పీటీఎస్‌డీ పరీక్ష వీడియోలోనూ జరుగుతోంది. పీటీఎస్‌డీ అంటే యుద్ధం వంటి భయానక అనుభవాల తర్వాత వెంటాడే మానసిక సమస్య. తేదీ దగ్గరపడినవారు ఇవి చూసుకోండి.

• భాగస్వామి సాక్ష్యాన్ని ముందే రాతపూర్వకంగా పంపండి. 21-10210 ఫారం అందుకే ఉంది. పక్కన కూర్చోనివ్వాలా వద్దా అన్నది పరీక్ష చేసేవారి ఇష్టం. వద్దంటే, నోటిమాటనే నమ్ముకున్నవారి సాక్ష్యం ఫైలుకు ఎక్కదు.

• ఆ ఫారంలో భాగస్వామి కళ్ళారా చూసినవే రాయాలి: నిద్రలో కేకలు, పదేపదే తలుపు గడియ చూడటం, పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేయడం, వదులుకున్న ఉద్యోగాలు. ఉద్యోగమూ మనుషులతో సంబంధాలూ ఎంత దెబ్బతిన్నాయన్న దానిని బట్టే 0 నుంచి 100 శాతం వరకు వైకల్య రేటింగు ఇస్తారు. జబ్బు పేరు తేల్చడం వైద్యుల పని.

• జవాబులు అందించవద్దు. ప్రశ్న మాజీ సైనికుడికి. అడిగినప్పుడే భాగస్వామి మాట్లాడాలి.

• కొంతసేపు ఒంటరిగా మాట్లాడే వీలు ఉంచండి. ఆత్మహత్య ఆలోచనలు, యుద్ధంలో చూసినవి ఇంటివాళ్ళ ఎదుట చాలామంది దాచేస్తారు. ఇది అన్నిటికన్నా సున్నితమైన విషయం, ముందురోజే ఇద్దరూ మాట్లాడుకోండి.

• "బాగానే ఉన్నాను" అనే అలవాటు మాటతో మొదలుపెట్టవద్దు. గడ్డురోజులు ఎలా ఉంటాయో కూడా చెప్పాలి, పెంచకుండా, తగ్గించకుండా.

• పిల్లలు వినని గది చూసుకోండి.

• కుదరకపోతే ముందే ఫోను చేసి తేదీ మార్పించుకోండి. సరైన కారణం లేకుండా హాజరు కాకపోతే దరఖాస్తు తిరస్కరణకు గురికావచ్చు.

• ఆ సాయంత్రం వేరే పని పెట్టుకోవద్దు, పాత గాయాలు రేగుతాయి. తట్టుకోలేకపోతే వెంటనే మాజీ సైనికుల సంక్షోభ సహాయ లైనుకు, అంటే 988కి ఫోను చేసి 1 నొక్కండి. భాగస్వామి కూడా చేయవచ్చు.