విల్లు సీజన్‌కి ముందు మిల్క్‌వీడ్ కాయలు: కోతలో, ఎండబెట్టడంలో జాగ్రత్తలు

మిషిగన్‌లో విల్లుతో జింకల్ని వేటాడే సీజన్ అక్టోబర్ 1న మొదలవుతుంది, మన జిల్లేడుకి చుట్టమైన మిల్క్‌వీడ్ కాయలు పండేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. వేటలో గాలి ఎటు వీస్తోందో చూసుకోవడానికి ఈ కాయల్లోని దూది పింజలు వాడతాం. చెట్టు మీద కూర్చునే ట్రీ స్టాండ్లు, బాణాలు, లైసెన్స్ అంటూ హడావుడిలో పడి కాయల సంగతి మర్చిపోతాం, గుర్తొచ్చి వెళ్ళేసరికి పొలం గట్ల మీద ఖాళీ డొప్పలే ఉంటాయి. ఇదంతా ఇక్కడ అమెరికాలో లైసెన్స్ తీసుకుని వేటకి వెళ్ళే మనవాళ్ళ కోసం. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకని వేటాడటం నేరం, కాబట్టి ఊళ్ళో తమ్ముళ్ళెవరూ జిల్లేడు దూది పట్టుకుని బయల్దేరొద్దు.

గాలి చూసుకోవడానికి పౌడర్ బుడ్డి ఉందిగా అంటారు కొత్తవాళ్ళు. పౌడర్ మీ చెట్టు దగ్గర గాలి ఎటుందో చెప్పి అక్కడే మాయమైపోతుంది. మిల్క్‌వీడ్ పింజ ఒకటి వదిలితే చాలా దూరం కంటికి కనపడుతూ పోతుంది, ఎక్కడ కిందికి దిగిందో, ఎక్కడ సుడి తిరిగి మీ వెనక్కే వచ్చిందో తెలుస్తుంది. పొద్దున్నే చల్లగాలి పల్లానికి జారుతుంది, ఎండెక్కాక పైకి లేస్తుంది, సాయంత్రం మళ్ళీ దిగుతుంది. జింక ముక్కుకి మీ వాసన చేరేది ఈ దారుల్లోనే.

ఇక అసలు విషయం, ఎప్పుడు కోయాలి. సెప్టెంబర్ చివరి వారం నుంచి అక్టోబర్ మధ్య దాకా అని అందరూ చెప్తారు గానీ తేదీని నమ్ముకుంటే లాభం లేదు, ఒకే మొక్క మీద కాయలు కూడా ఒకేసారి పండవు. పైరంగు చూసి కూడా మోసపోవద్దు, బయటికి ఇంకా పచ్చగా ఉన్న కాయలో గింజలు పండిపోయి ఉండొచ్చు. కాయ నిడివినా ఒక గీత ఉంటుంది, దాని మీద బొటనవేలితో మెల్లగా నొక్కండి. సులువుగా విచ్చుకుని లోపల గింజలు గోధుమరంగులో కనపడితే కోసేయండి. గింజలు తెల్లగా ఉంటే, లేదా బలంగా చీలిస్తే తప్ప తెరుచుకోకపోతే, వదిలేసి వారం తర్వాత రండి. పచ్చికాయ కోస్తే దూది తడిగా అంటుకుపోయి ఉంటుంది, ఎన్నాళ్ళు ఆరబెట్టినా విడిపోదు, పైగా బూజు పడుతుంది. పూర్తిగా పగిలినదాని కోసం ఆగితే ఒక్క గాలివానకి అంతా పోతుంది. వాన పడ్డ మర్నాడు, మంచు ఆరని పొద్దుటిపూట కోయకండి. రెండు రోజులు పొడిగా ఉన్నాక మధ్యాహ్నం వెళ్ళడం మంచిది.

పాల గురించి తేలిగ్గా తీసుకోవద్దు. ఇది మన జిల్లేడు కుటుంబమే, జిల్లేడు పాలు కంట్లో పడితే ఏమవుతుందో చిన్నప్పుడు ఇంట్లో చెప్పే ఉంటారు, ఇక్కడా అదే భయం. కోసేటప్పుడు తొడిమ దగ్గర పాలు కారతాయి. నైట్రైల్ గ్లవ్స్, ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకోండి, ఆ చేత్తో కళ్ళు నలపొద్దు, కాంటాక్ట్ లెన్సులు ముట్టుకోవద్దు. కంట్లో పడితే వెంటనే పావుగంట పాటు నీళ్ళతో కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మంట లేదు కదా అని ఊరుకోవద్దు, కొన్ని గంటల తర్వాత చూపు మసకబారవచ్చు.

పొలంలో మిగతావి మామూలే. అడగకుండా ఎవరి స్థలంలోకీ వెళ్ళొద్దు, పార్కుల్లో కోయడానికి చాలాచోట్ల ఒప్పుకోరు. వేట సీజన్ నడుస్తుంటే ఆరెంజ్ వెస్ట్ వేసుకోండి. అక్టోబర్‌లో కూడా జింక పేలు, అదే టిక్స్, తిరుగుతూనే ఉంటాయి, ఇంటికి రాగానే ఒళ్ళంతా చూసుకోవాలి. తీగలా అల్లుకుని సన్నటి కాయలు కాసేది కనపడితే అది స్వాలోవర్ట్ కావచ్చు, బయటినుంచి వచ్చిన కలుపు, దాని గింజలు మోసుకెళ్ళి అంటించొద్దు.

ఆరబెట్టడంలో పెద్ద విద్యేమీ లేదు. రెండో ప్రపంచయుద్ధంలో జావా నుంచి వచ్చే బూరుగు దూది జపాన్ వల్ల ఆగిపోతే, 1944లో అమెరికా బడిపిల్లలు లైఫ్ జాకెట్ల కోసం ఈ కాయలే ఏరారు, "రెండు సంచులు ఒక ప్రాణం కాపాడతాయి" అన్నది అప్పటి నినాదం. ఉల్లిపాయల వల సంచుల్లో నింపి కంచెలకి వేలాడదీసి ఆరబెట్టేవాళ్ళు, తర్వాత అవి మిషిగన్‌లోని పెటోస్కీ ఫ్యాక్టరీకి చేరేవి. మనకీ ఆ వల సంచే చాలు, లేదా పేపర్ బ్యాగ్. పలచగా పరిచి గాలాడే గరాజ్‌లో ఒకటి రెండు వారాలు ఉంచండి. ప్లాస్టిక్ కవర్‌లో పెడితే చెమ్మ పట్టి కుళ్ళిపోతుంది. ఓవెన్, హీటర్, స్టవ్ దరిదాపులకి తీసుకెళ్ళొద్దు, ఎండిన దూది గుప్పున అంటుకుంటుంది. నారింజ, నలుపు రంగు పురుగులు కొన్ని కాయల్లో దాక్కుంటాయి, ఇంట్లోకి తెచ్చే ముందే దులిపేస్తే ఇంట్లో గొడవ ఉండదు. ఫ్యాన్ కింద మాత్రం కాయ విప్పొద్దు, వారం రోజులు సోఫా దులుపుతూనే ఉండాలి. పిల్లలకి, పెంపుడు జంతువులకి అందకుండా పెట్టండి. ఎండినా మొక్కలో విషం పోదు, గుర్రాలు, ఆవులు ఉన్నవాళ్ళ గడ్డిలో పడకుండా చూడాలి.

ఎండాక దూదిని కొసల దగ్గర గట్టిగా పట్టుకుని గింజలు రాల్చేయండి, ఆ తర్వాతే పట్టు వదలండి, ముందే వదిలితే గదంతా ఎగురుతుంది. ఖాళీ మాత్రల డబ్బాలో దాచుకోవచ్చు, లేదా కాయలోనే ఉంచి రబ్బర్ బ్యాండ్ వేయొచ్చు, స్టాండ్ మీద కూర్చుని ఒక్కో పింజా లాక్కోవడానికి ఇదే నాకు సులువు. సీజన్ మొత్తానికి నాలుగైదు కాయలు ఎక్కువే, ఒక్కోదాంట్లో వందకి పైనే పింజలుంటాయి. సంచి నింపుకోవాల్సిన పని లేదు. మోనార్క్ సీతాకోకచిలుక గొంగళి తినేది మిల్క్‌వీడ్ ఆకు మాత్రమే, అది మొలవాలంటే కాయలు మొక్క మీద మిగలాలి. మీరు రాల్చిన గింజల్ని కూడా పారేయకుండా పేపర్ కవర్‌లో వేసి, కోసిన చోటే, ఓనర్ ఒప్పుకుంటే, నవంబర్ లోపు చల్లేయండి, చలికాలమంతా మట్టిలో ఉంటేనే అవి బాగా మొలుస్తాయి.