ముందు పీస్ కోర్, తర్వాత మాస్టర్స్

నేను పీస్ కోర్ (విదేశాలకు సేవకులను పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాలంటీర్‌గా ఆఫ్రికాలోని మలావీలో 27 నెలలున్నాను: మూడు నెలలు శిక్షణ, రెండేళ్లు పని. అమెరికా పౌరులకే అవకాశం. చదువు మధ్యలో సేవకు పంపే మాస్టర్స్ ఇంటర్నేషనల్ కార్యక్రమం 2016లో ఆగిపోయింది కాబట్టి, ముందు సేవ చేసి తర్వాత మాస్టర్స్‌కి రమ్మంటాను. సేవ ముగించి తిరిగొచ్చినవాళ్లు, వాళ్ల పై చదువు ఖర్చుకి సాయపడే కవర్‌డెల్ ఫెలోషిప్‌కి ఎన్నేళ్ల తర్వాతైనా అప్లై చేయొచ్చు. ఫీజు ఎంత తగ్గుతుందో యూనివర్సిటీని బట్టి ఉంటుంది, రాతపూర్వకంగా అడగండి.

అక్కడ మాత్రం రోజూ నోట్‌బుక్ రాయండి. బోరింగు దగ్గర ఆడవాళ్లు ఎంతసేపు నిలబడుతున్నారో నేను పెన్సిల్‌తో రాసుకునేదాన్ని. వానకి సగం పేజీలు అంటుకుపోయాయి. అయినా నా థీసిస్ ప్రశ్న పుట్టింది అందులోనే. ఆ వివరాలనే పరిశోధనలో వాడాలంటే ముందుగానే ఎథిక్స్ కమిటీ అనుమతి, ఊరివాళ్ల ఒప్పుకోలు తీసుకోవాలి. ఆ నీళ్ల కష్టం వాళ్లది కదా.