వెనక స్వే బార్ బిగించాక టక్‌టక్‌మంటోందా?

స్వే బార్ అనండి, యాంటీ రోల్ బార్ అనండి, మన మెకానిక్కుల మాటలో స్టెబిలైజర్ బార్ అనండి, వస్తువు ఒకటే. ‘యు’ ఆకారంలో వంచిన స్ప్రింగు ఉక్కు కడ్డీ. నడుము దగ్గర రెండు బుష్‌లు (బార్ చుట్టూ కూర్చునే రబ్బరు లేదా గట్టి ప్లాస్టిక్ తొడుగులు), రెండు బ్రాకెట్లు దాన్ని బండి అడుగుకి పట్టి ఉంచుతాయి. రెండు కొసల్నీ లింకు రాడ్లు చక్రాల వైపు కలుపుతాయి. రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే బార్ బుష్‌లలో ఊరికే తిరుగుతుంది. మలుపులో ఒకటి లేచి ఇంకొకటి దిగితే మెలిపడుతుంది. ఆ మెలికకి ఎదురు తిరిగే బలమే బండిని ఒరగనివ్వకుండా ఆపుతుంది.

డాలస్ దగ్గర మా ఇంటి గరాజ్‌లో మొదటిసారి గంటన్నరలో బిగించేశాను. ఆ తర్వాత వచ్చిన చప్పుడు పోగొట్టడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లోనూ, తర్వాత స్నేహితుల బళ్ళ కింద పడుకున్నప్పుడూ తెలిసినవి ఇవి. ముందుగా ఒక్క మాట: జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరొద్దు. జాక్ స్టాండ్లు పెట్టండి, ముందు చక్రాలకి అడ్డు పెట్టండి.

పాత లింకు నట్టు తిరుగుతూనే ఉంది, ఊడి రావడం లేదు

లింకు కొసలో ఉండేది బాల్ జాయింటు, అంటే గుండు తల మీద ఎటైనా వంగే కీలు. నట్టు తిప్పితే దాని మరబోల్టు కూడా వెంట తిరుగుతుంది. చాలా లింకుల్లో మరబోల్టు చివర ఎలెన్ కీ పట్టే గుంట ఉంటుంది. కొన్నిటికి రబ్బరు బూటు వెనక పల్చటి పానా పట్టే చదును ఉంటుంది. దాన్ని కదలకుండా పట్టుకుని రింగు పానాతో నట్టు తిప్పాలి. తుప్పు ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. ఎలెన్ గుంట అరిగిపోయిందా? కొత్త లింకులు చేతిలో ఉంటే పాతదాన్ని గ్రైండరుతో కోసేయడమే. అలాంటి నట్టుతో నేను ఒక సాయంత్రమంతా కుస్తీ పట్టాను. కోయడానికి పట్టింది రెండు నిమిషాలు.

బ్రాకెట్ బోల్టు సంగతి వేరు. అది విరిగితే బండి అడుగున వెల్డింగ్ చేసిన నట్టు లోపలే ముక్క ఉండిపోతుంది. అక్కడ తొందర పనికిరాదు. కొంచెం వదులు చేసి, మళ్ళీ కొంచెం బిగించి, ఇంకొంచెం వదులు చేస్తూ రావాలి.

గుంతల మీద, స్పీడ్ బ్రేకర్ల మీద టక్‌టక్

వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. చెవిని నమ్ముకుంటే మోసపోతారు, ఎందుకంటే బండి రేకు చప్పుడుని ఎక్కడినుంచో ఎక్కడికో మోసుకెళ్తుంది. చేత్తో వెతకండి. రెండు వెనక చక్రాలూ ర్యాంపుల మీద ఉండగా ఒకరు డిక్కీ మూలని కిందికి నొక్కుతూ వదులుతూ ఉండాలి. మీరు లింకు జాయింటు మీద, తర్వాత బుష్ బ్రాకెట్ మీద వేళ్ళు పెట్టి చూడాలి. చప్పుడు పుట్టే చోట వేలికి చిన్న దెబ్బలా తగులుతుంది.

అప్పటికీ తేలకపోతే రెండు లింకులూ పూర్తిగా ఊడదీసి, బార్‌ని దేనికీ తగలకుండా కట్టి, వీధి చివరిదాకా నెమ్మదిగా పోయి రండి. ఒక్క లింకే తీస్తే ఆ రెండో కొస వేలాడుతూ వేరే చప్పుడు చేస్తుంది కాబట్టి రెండూ తీయాలి. చప్పుడు మాయమైతే దొంగ స్వే బార్ తాలూకు వాడే. ఉంటే షాక్అబ్జార్బర్ పైకొస చూడండి, డిక్కీలో స్టెప్నీ గట్టిగా ఉందో లేదో చూడండి. మా వాడొకడు బార్‌ని రెండుసార్లు విప్పి బిగించాడు, చివరికి మోగింది జాకీ హ్యాండిలు.

దొంగ బార్ దగ్గరే ఉంటే నేను చూసే వరస ఇది. మొదట లింకు నట్టు. నైలాన్ రింగు ఉన్న నట్టు దారి పొడవునా గట్టిగానే తిరుగుతుంది కాబట్టి, ఇంకా రెండు చుట్లు మిగిలుండగానే ‘బిగుసుకుంది’ అనిపిస్తుంది. నా మూడు వారాల్లో మొదటి వారం దీనికే పోయింది. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చెప్పే పానా) వాడండి, అంకె మాత్రం మీ బార్‌తో వచ్చిన కాగితంలోంచో బండి సర్వీస్ మాన్యువల్‌లోంచో తీసుకోండి. మామూలుగా 8.8 గ్రేడు ఎం8 బోల్టు సుమారు 25 న్యూటన్ మీటర్లు, ఎం10 బోల్టు సుమారు 50 న్యూటన్ మీటర్లు తట్టుకుంటాయి. అయితే వెల్డ్ నట్టుకో బాల్ జాయింటుకో తయారీదారు తక్కువ చెప్పి ఉంటే ఆ తక్కువే పాటించాలి. ఒకసారి వాడిన నైలాన్ నట్టుని మళ్ళీ వాడొద్దు. బిగించాక నట్టు మీదినుంచి మరబోల్టు మీదికి పెయింటుతో ఒక గీత గీయండి. గీత విరిగి కనిపిస్తే నట్టు కదిలినట్టు లెక్క.

రెండోది బార్ కొసన లింకు పట్టే చిల్లు. చిల్లు 12 మిల్లీమీటర్లు, లింకు మరబోల్టు 10 మిల్లీమీటర్లు అయితే ఎంత బిగించినా ఏదో ఒకరోజు జారుతుంది. మధ్యలో ఉక్కు తొడుగు వేయాలి, లేదా సరైన లింకు కొనాలి.

మూడోది బుష్. వెర్నియర్‌తో బార్‌ని బుష్ కూర్చునే చోటే కొలిచి, బుష్ లోపలి కొలతతో పోల్చండి. బార్ మీద పెయింటు ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా ఉండొచ్చు. బుష్ వదులుగా ఉంటే సరైన సైజు తెప్పించుకోవడమే మేలు. ట్యూబు రబ్బరు ముక్క చుట్టి పని కానిస్తే నెల తిరక్కుండా మళ్ళీ బండి కిందే ఉంటారు.

నాలుగోది, మలుపు తిరిగేటప్పుడు ఒక్కసారి ‘ఠక్’ మని ఊరుకోవడం. బార్ పక్కకి జారి ఏదో ఒకదానికి కొట్టుకుంటోంది. బుష్‌ల పక్కన బార్ మీద బిగించే లాక్ రింగులు దొరుకుతాయి. బార్‌ని సరిగ్గా మధ్యకి తెచ్చి, రెండు వైపులా రింగులు వేసేస్తే సరి.

కీచుమంటోంది, ముఖ్యంగా చలికాలం పొద్దున్నే

పాలీయూరెథేన్ (రబ్బరు లాంటి గట్టి ప్లాస్టిక్) బుష్ పొడిబారింది. ఊడదీసి, తుడిచి, బార్‌తో ఇచ్చిన సిలికాన్ గ్రీజు లోపలి ముఖమంతా దట్టంగా పూయండి. షెల్ఫులో ఉన్న మామూలు పెట్రోలియం గ్రీజు వద్దు. పాలీ బుష్‌లో అది ఎక్కువ కాలం నిలవదు, రబ్బరు బుష్ అయితే ఉబ్బి పాడవుతుంది. లింకులు కట్టకముందే బార్ కొసని చేత్తో ఎత్తి దించి చూడండి. గట్టిగానైనా సాఫీగా తిరగాలి. కదలనంటే బుష్ చిన్నదైనా అయ్యుండాలి, బ్రాకెట్ వంకరగా కూర్చునైనా ఉండాలి.

వెనక సీట్లో మనుషులు ఎక్కితేనే చప్పుడు

బరువుకి సస్పెన్షన్ దిగినప్పుడు బార్ చేతులు (వంపు నుంచి కొసదాకా ఉండే భాగాలు) సైలెన్సర్ పైపుకో ఇరుసుకో తగులుతున్నాయి. ముందు బార్ తలకిందులుగా పెట్టలేదు కదా అని చూడండి. నవ్వొద్దు, చాలా బార్లు తిప్పి పెట్టినా బోల్టులన్నీ పడతాయి. తర్వాత బార్ మధ్యలో ఉందో లేదో చూడండి. తగిలే చోట పెయింటు గీరుకుని మెరుస్తుంది. బ్రేక్ పైపు దగ్గర మాత్రం గీత పడేదాకా ఆగొద్దు. రాసుకుంటుందేమో అన్న అనుమానం వచ్చినా బండి తీయకండి.

బండి ఒక పక్కకి ఒరిగి నిలబడింది, లేదా ఎడమ మలుపు ఒకలా కుడి మలుపు ఒకలా

నేను కూడా చేసిన తప్పు ఇది. ఒక చక్రం జాకీ మీద, ఇంకొకటి నేల మీద ఉండగా లింకులు బిగిస్తే, బార్ పుట్టుకతోనే మెలిపడి ఉంటుంది. బండి దించాక ఆ మెలిక ఒక మూలని ఎత్తి ఇంకో మూలని నొక్కుతుంది. బాల్ జాయింటు కూడా ఆ బలంలోనే బతకాల్సి వస్తుంది. నా బండి తర్వాతి రెండు వారాల చప్పుడుకి కారణం అదే.

సరిదిద్దడం తేలిక. చదునైన చోట రెండు వెనక చక్రాల్నీ ఒకే ఎత్తు ర్యాంపుల మీద ఎక్కించండి. రెండు లింకులూ వదులు చేసి, ఒక వైపు బిగించండి. రెండో వైపు మరబోల్టు ఏ సుత్తీ సన్నకోలా లేకుండా వేళ్ళతో చిల్లులో పడాలి. పడకపోతే, పొడవు మార్చుకునే లింకు అయితే పడేదాకా తిప్పండి. మారని లింకులైతే రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలవండి, తర్వాత బార్ రెండు చేతుల్లోనూ ఒకే నంబరు చిల్లు వాడారా చూడండి. పని మధ్యలో సస్పెన్షన్ ఆర్మ్ బోల్టేదైనా వదులు చేసి ఉంటే, దాన్నీ బరువు చక్రాల మీద ఉన్నప్పుడే బిగించాలి. లేకపోతే దాని రబ్బరు బుష్ మెలితిరిగిన స్థితిలోనే చిక్కుకుపోతుంది.

అంత ఖర్చుపెట్టినా తేడా తెలియట్లేదు

లోపల బోలు లేని కడ్డీ బిగువు దాని వ్యాసానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల నుంచి 22కి వెళితే దాదాపు ఒకటిన్నర రెట్లు, 17 నుంచి 20కి వెళితే దాదాపు రెండు రెట్లు. అదే 22 మిల్లీమీటర్ల బార్‌ని 4 మిల్లీమీటర్ల గోడతో బోలుగా చేస్తే బరువు 40 శాతం తగ్గినా, బిగువు తగ్గేది 16 శాతమే. కాబట్టి బోలు బార్ అని చిన్నచూపు అక్కర్లేదు, పాతదానికన్నా ఒక్క మిల్లీమీటరు లావుని చూసి మురిసిపోనూ అక్కర్లేదు.

చిల్లులు రెండు మూడు ఉంటే ఏది గట్టిది అన్న చోట చాలామంది పొరబడతారు. వంపుకి దగ్గరి చిల్లు గట్టిది, చిట్టచివరిది మెత్తనిది. పొడుగాటి పానాతో తేలిగ్గా తిప్పగలిగినట్టే, పొడుగాటి చేతితో చక్రం బార్‌ని తేలిగ్గా మెలిపెట్టేస్తుంది.

హైదరాబాద్ నుంచి తమ్ముళ్ళు అడుగుతుంటారు, చిన్న హ్యాచ్‌బ్యాక్‌కి ఇది వేయొచ్చా అని. వాటిలో చాలావాటికి వెనక ఉండేది టార్షన్ బీమ్. రెండు చక్రాల మధ్య ఉండే ఆ దూలమే మెలిపడుతూ స్వే బార్ పని కొంత చేస్తుంది. అదనపు బార్‌ని దానికే బోల్టు చేస్తారు, లింకులు ఉండవు. అయితే కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం మీద మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, బీమా కంపెనీ కూడా ప్రశ్నలు వేయొచ్చు. కొనకముందే కనుక్కోండి.

తడి రోడ్డు మీద తోక తిరుగుతోంది

చప్పుడు విసుగు తెప్పిస్తుంది, ఇది మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. వెనక బార్ బిగువయ్యేకొద్దీ మలుపులో వెనక బయటి టైరు మీదికి ఎక్కువ బరువు పోయి, వెనక మొత్తం పట్టు తగ్గుతుంది. ముందు చక్రాలతో నడిచే కారు మొండిగా తిన్నగా పోయే గుణాన్ని తగ్గించడానికే మనం ఈ బార్ వేసేది. అది అతి అయితే, మలుపులో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే తోక బయటికి వస్తుంది.

వెంటనే మెత్తని చిల్లుకి మార్చండి. వెనక టైర్లు అరిగాయేమో, గాలి సరిగ్గా ఉందో లేదో చూడండి. కొత్త టైర్లు ముందు, పాతవి వెనక వేసే అలవాటు ఉంటే మానుకోండి. మెత్తని చిల్లులోనూ అలాగే ఉంటే ఆ బార్ మీ బండికి ఎక్కువైనట్టే. అమ్మేసి సన్నది కొనుక్కోండి. వెనక చక్రాలతో నడిచే కారుకి, మామూలు డిఫరెన్షియల్ (ఇంజను బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె) ఉంటే, ఇంకో లక్షణం కనిపిస్తుంది: మలుపు దాటుతూ యాక్సిలరేటర్ నొక్కగానే లోపలి వెనక చక్రం ఊరికే తిరిగిపోతుంది. మందు అదే, బిగువు తగ్గించడం.

బ్రాకెట్ దగ్గర రేకు చిరిగింది

1992 నుంచి 2000 దాకా వచ్చిన హోండా సివిక్‌లలో చాలావాటికి వెనక బార్ అసలే ఉండేది కాదు. వాటికి హోండాదే ఇంకో కారు ఇంటెగ్రా టైప్ ఆర్ తాలూకు 22 మిల్లీమీటర్ల బార్ తెచ్చి వేసినవాళ్ళలో కొందరికి, బార్ బోల్టులు పట్టిన చోట సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్‌ని మోసే అడుగు చట్రం) రేకే చినిగింది. రేకుని సన్న బార్ బలానికి తగ్గట్టు చేశారు, పడింది లావు బార్ బలం. అందుకే ఆ బళ్ళకి బలం పంచే ఉక్కు పట్టీ బిగించాకే లావు బార్ వేయడం ఆనవాయితీ అయింది. మీ బండికి అలాంటి పట్టీ దొరికితే బార్‌తోపాటే కొనండి. చినిగాక వెల్డింగ్ చేయించొచ్చు, కానీ అది గరాజ్‌లో మీరు చేసే పని కాదు. బార్ పూర్తిగా తీసేసి షాపుకి తీసుకెళ్ళండి.

బిగించాక ఓ వంద మైళ్ళు తిరిగి, బండిని మళ్ళీ ర్యాంపులెక్కించి, టార్చి వేసి చూడండి: నట్ల మీది పెయింటు గీతలు, బ్రాకెట్ చుట్టూ రేకు, బ్రేక్ పైపులు. పది నిమిషాల పని.